స్టెంట్లు పడ్డ బాపును రైల్లో కాశీకి తీసుకెళ్లొచ్చా?

మీ బాపుకు 66 ఏళ్లు, ఐదు నెలల కింద రెండు స్టెంట్లు వేశారు, గుండె పంపింగ్ (రక్తాన్ని తోసే బలం) కాస్త తక్కువ, అయినా కాజీపేటలో రైలెక్కి కాశీ పోవాల్సిందేనని పట్టుబట్టారు, మీకేమో టెన్షన్. అంతే కదా!

నాది హన్మకొండ. 2019లో బైపాస్ అయింది, అప్పుడు నా పంపింగ్ 35 శాతం. మూడేళ్ల తర్వాత నేనూ మా ఆవిడా కాజీపేట నుంచే దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో కాశీ పోయొచ్చాం. పోవచ్చా లేదా అన్నది మీ బాపును చూసే కార్డియాలజిస్టే చెప్పాలి. నన్నయితే మా డాక్టర్ ముందు తన ఆసుపత్రి మెట్లు రెండంతస్తులు ఎక్కించి, ఆయాసం చూసి, అప్పుడు సరేనన్నారు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీ బాపు కూడా అదే చేసే అవకాశం ఎక్కువ. నాకు రోజూ పొద్దున లాసిక్స్ మాత్ర ఉండేది, ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోవడానికి. కదిలే రైల్లో మాటిమాటికీ బాత్‌రూంకు ఎవరు లేస్తారని ఆ రోజు మానేశాను. పైగా దారి పొడుగునా సకినాలు, పులిహోర, అందులోకి మామిడికాయ తొక్కు. అంటే నీరు బయటికి పంపే మాత్ర లేదు, నీరు పట్టి ఉంచే ఉప్పు మాత్రం రెట్టింపు. నాగ్‌పూర్ దాటాక పడుకుంటే ఊపిరాడలేదు. లేచి కూర్చుంటే నయం, నడుం వాలిస్తే మళ్లీ అదే. చెప్పులు కాళ్లకు బిగుసుకున్నాయి. మా ఆవిడ పరుగున పోయి టీటీఈకి చెప్తే, ఆయన ముందే కబురు పంపడంతో ఇటార్సీలో డాక్టర్ బండెక్కి చూసి ఇంజక్షన్ ఇచ్చారు. జబల్‌పూర్ వచ్చేలోపు నాలుగుసార్లు లేచాను. పగలు తప్పించుకుందామనుకున్న పని అర్ధరాత్రి చేయాల్సొచ్చింది. తిరుగు ప్రయాణంలో డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగితే, మాత్ర మానొద్దు, వేసుకునే వేళ కాస్త జరుపుకోమన్నారు. ఇంత చిన్న మాట ముందే అడగొచ్చు కదా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

స్టెంట్లున్నవాళ్లకు రక్తం పలచన చేసే మాత్రలు ఇంకా ముఖ్యం. మొదటి ఏడాదిలో అవి తప్పితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే మాత్రలు రెండు సెట్లు చేసి, ఒకటి ఆయన చేతిసంచిలో, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. సూట్‌కేసులో పెట్టకండి. డిశ్చార్జ్ కాగితం, చివరి ఈసీజీ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. పాత ఈసీజీ ఉంటేనే కొత్త డాక్టర్‌కు ఏది పాత మార్పో, ఏది ఇప్పటిదో తెలుస్తుంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర రాసిచ్చి ఉంటే జేబులోనే ఉండాలి. నాలుక కింద పెట్టుకునేటప్పుడు కూర్చోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి తల తిరుగుతుంది. నొప్పి ఐదు నిమిషాల్లో తగ్గకపోతే రైల్లో టీటీఈకి చెప్పండి లేదా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, బయట ఉంటే 108.

కింది బెర్త్ దొరికేలా చూడండి. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే దానికి కోటా ఉంది. గుండె రోగులకు టికెట్‌లో రాయితీ అంటారు చూడండి, అది ఆపరేషన్ కోసం పోయేవాళ్లకు. యాత్రకు రాదు, నేనూ అడిగి చూశాను.

రైల్లో కూర్చుంటే గుండెకు పెద్ద శ్రమ ఉండదు. శ్రమంతా సామాను మోస్తూ స్టేషన్‌లో వంతెన ఎక్కేటప్పుడే. కూలీని పెట్టుకోండి, బేరమాడకండి. గంటకోసారి ఆయన్ను లేపి పెట్టెలో అటూ ఇటూ నడిపించండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

దానాపూర్ బండైతే మొఘల్‌సరాయ్‌లో దిగాలి. ఇప్పుడు దాని పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ. అక్కడి నుంచి కాశీకి ఆటోలో పోవచ్చు. గోదౌలియా దగ్గర నుంచి నడకే, గుడికీ ఘాట్‌కీ. ఘాట్ మెట్లు దిగేటప్పుడు ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మేం ఒక్క దశాశ్వమేధ ఘాట్ దగ్గర మాత్రమే దిగి మిగతావన్నీ పడవలోంచే చూశాం. చలికాలం తెల్లవారుజామున మునకలొద్దు, చల్లటి నీళ్లకు రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది. నేను చెంబుతో నెత్తిన చల్లుకున్నాను.

నన్నడిగితే గుండె మనిషికి కాశీ కంటే మన మేడారమే కష్టం. ఉన్నది వంద కిలోమీటర్లే, కానీ జాతర రోజుల్లో బండి ఎక్కడో ఆపి దుమ్ములో నడవాలి, ఫోన్ కలవదు, ఆ జనంలో అంబులెన్స్ కదలదు. బైపాస్ అయ్యాక నేను జాతరకు పోలేదు, తల్లులకు దండం పెట్టుకోవడానికి జాతర కాని రోజుల్లో పోతున్నాను.

మీ బాపు కాళ్లకు వాపు ఉందో లేదో మీరు రాయలేదు. టికెట్ తీసే ముందు ఒక వారం రోజూ పొద్దున బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి బరువు కాదు, నీరు. అప్పుడు డాక్టర్ దగ్గరికి పోండి, కాశీ సంగతి ఆ తర్వాత.