మూఢంలో కొత్త మ్యాక్: డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

ప్రశ్న (2025 డిసెంబరు): నరసరావుపేటలో పెళ్ళిళ్ళ ఫొటో, వీడియో స్టూడియో నడుపుతున్నాను. 2019 నాటి 27 అంగుళాల ఐమ్యాక్ మీద ఎడిటింగ్ చేస్తాను, అందులోనే బూట్ క్యాంప్‌తో విండోస్ 10 వేసుకుని అనూ ఫాంట్లతో ఆల్బమ్ టైటిళ్ళు, శుభలేఖలు చేసుకుంటాను. ఈ ఏడాది కొత్త కెమెరా కొన్న దగ్గర్నుంచి ఫుటేజీ ఆగి ఆగి ప్లే అవుతోంది. బ్యాంకులో 1,60,000 ఉంది. తెలిసినతను 2019 నాటి 16 అంగుళాల ఇంటెల్ మ్యాక్‌బుక్ ప్రో 48,000కి ఇస్తానంటున్నాడు. షాపులో 99,900 పెట్టి ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకోమంటున్నారు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. పాప వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరుతుంది, ల్యాప్‌టాప్ అయితే తనకీ పనికొస్తుందని మా ఆవిడ. ఐమ్యాక్ పక్కన 24 అంగుళాల మానిటర్ ఒకటి ఉంది. నెలకి ఇంటి ఖర్చు 26,000, షాపు అద్దె 7,000, పాత పెళ్ళిళ్ళ బ్యాలెన్సులు 45,000 రావాలి. టర్నోవరు 14 లక్షలు, అంచనా ఆదాయం పద్ధతిలో రిటర్న్ వేస్తాను, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ట్యాక్స్ కోసం మార్చి లోపు కొనేయమని ఒకరంటున్నారు. మీరేమంటారు సార్?

జవాబు: ముందు ఒక్క మాట చెప్పేస్తాను, లెక్కలు తర్వాత చూద్దాం. ఆ ఇంటెల్ ల్యాప్‌టాప్ 48 వేలకి కాదు కదా, 30 వేలకిచ్చినా తీసుకోకండి. ఎయిర్ మంచి మెషీనే, కానీ మీకు ఇప్పుడు వద్దు. 59,900 పెట్టి మ్యాక్ మినీ ఎం4, అంటే తెర లేకుండా వచ్చే చిన్న డెస్క్‌టాప్, కొనండి, అది కూడా ఈ వారం కాదు, జనవరిలో.

ఎందుకో చెప్తాను. కంప్యూటర్ కొనేటప్పుడు చాలామంది అది ఎన్నాళ్ళు పాడవకుండా ఉంటుందని ఆలోచిస్తారు. ప్రాసెసర్ మారే రోజుల్లో ఆ ఆలోచన సరిపోదు. మెషీన్ నిక్షేపంలా ఉంటుంది, స్క్రీన్ మీద గీత కూడా ఉండదు, కానీ కొత్త సాఫ్ట్‌వేర్ దాని గుమ్మం తొక్కడం మానేస్తుంది. ఆపిల్‌లో ఇది ఇంతకు ముందూ జరిగింది. పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి మారుతున్నామని 2005 జూన్‌లో చెప్పారు, అయినా పాత ప్రాసెసర్ ఉన్న పవర్ మ్యాక్ జీ5ని 2006 ఆగస్టు దాకా అమ్మారు, సరిగ్గా మూడేళ్ళకి, 2009 ఆగస్టులో వచ్చిన కొత్త మ్యాక్ ఓఎస్ స్నో లెపర్డ్ ఆ మెషీన్లకి పనికిరాలేదు. ఇప్పుడు మళ్ళీ. సొంత చిప్‌లకి మారుతున్నామని 2020 జూన్‌లో ప్రకటించారు, ఆ నవంబరులో వాటిలో మొదటిదైన ఎం1 వచ్చింది, ఇంటెల్ ఉన్న మ్యాక్ మినీ మాత్రం 2023 జనవరి దాకా కొత్త సరుకుగా షాపుల్లోనే ఉంది. దాన్ని చివర్లో కొన్నవాళ్ళకి మూడేళ్ళు కూడా దక్కలేదు, 2025 సెప్టెంబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో అందులో ఎక్కదు. మీ ఐమ్యాక్ కూడా అంతే, దాని ముందు వెర్షన్ సెకోయా దగ్గర ఆగిపోయింది.

మీకు ఇస్తానన్న ఆ 16 అంగుళాల ప్రోలో టాహో ఎక్కుతుంది. అమ్మే ఆయన ఆ మాట చెప్తే అబద్ధం కాదు. కానీ ఇంటెల్ మ్యాక్‌లకి టాహోనే ఆఖరిదని, ఆ తర్వాత మూడేళ్ళు భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తామని ఆపిల్ వాళ్ళే చెప్పారు. అంటే 2028 శరదృతువు దాకా. 2025 డిసెంబరు నుంచి లెక్క వేస్తే దాదాపు 33 నెలలు. 48,000ని 33తో భాగిస్తే నెలకి 1,450 పడుతుంది. మినీ 59,900ని ఐదేళ్ళు వాడితే నెలకి వెయ్యి. ఐదేళ్ళనేది నేను ఊహించి చెప్పిన అంకె కాదు, 2020లో కొన్న ఎం1కి ఐదేళ్ళ తర్వాత కూడా టాహో పూర్తిగా అందుతోంది. పైగా ఆ ల్యాప్‌టాప్‌లో ఆరేళ్ళ బ్యాటరీ ఉంటుంది, దాని ఖర్చు నేను కలపనే లేదు. చవకగా వస్తోందనుకున్న పాత ల్యాప్‌టాపే నెలనెలా చూస్తే ఖరీదు.

నా క్లయింట్ ఒకాయన సంగతి చెప్తాను, ఇలాంటి పొరపాటు నేను దగ్గర్నుంచి చూశాను. 2020లో చిప్ మారుతుందన్న ప్రకటన వచ్చిన రెండు నెలలకి, ఎలాగూ పదేళ్ళు వాడతాం కదా అని, ఇంటెల్ ఐమ్యాక్‌లో అన్నీ ఎక్కువ పెట్టించి మూడేళ్ళ లోన్ మీద తీసుకున్నాడు. నన్ను అడిగాడు కూడా, డబ్బు కట్టగలడా లేదా అని చూశానే కానీ ఆ వస్తువు ఎటు పోతోందో నేను చూడలేదు. ఆఖరి ఈఎంఐ కట్టేసరికి దానికి అమ్మకం ధర సగానికి సగం కూడా రాలేదు. అప్పటి నుంచి ఎవరు కంప్యూటర్ గురించి అడిగినా ముందు అందులో ఏ చిప్ ఉందని అడుగుతున్నాను.

ఇక మీ అసలు ఇబ్బంది. తలంబ్రాల క్లిప్ పెట్టి స్పేస్‌బార్ నొక్కితే చేతుల్లోంచి జారిన బియ్యం గాల్లోనే నిలబడిపోతుంది, రంగుల బంతి తిరుగుతుంది, అవతల పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నగారు వీడియో ఎప్పుడిస్తావు బాబూ అని ఫోన్ మీద ఫోన్. అది ఐమ్యాక్ ముసలిదైపోయినందుకు కాదు. కొత్త కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2లో హెచ్.265, అంటే రంగుల వివరం ఎక్కువుండి బాగా కుదించిన వీడియో, రికార్డు చేస్తాయి, దాన్ని విప్పడానికి మీ ఐమ్యాక్‌లో ప్రత్యేకమైన భాగం లేదు, మొత్తం భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎం చిప్‌లలో ఆ పనికి వేరే ఇంజిన్ ఉంది. 16 అంగుళాల ఇంటెల్ ప్రో కొంటే మీ అసలు సమస్య చాలావరకు అలాగే ఉంటుంది, కాబట్టి ఆ 48,000 పెట్టి కూడా తలనొప్పి మిగుల్చుకున్నట్టే.

మరి ఎయిర్ ఎందుకు వద్దంటున్నాను? ఎయిర్‌లోనూ మినీలోనూ ఉన్నది ఒకే ఎం4, రెండింట్లోనూ 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ. పైగా 99,900 ఎయిర్‌లో గ్రాఫిక్స్ కోర్లు 8, మినీలో 10. మీరు అదనంగా ఇచ్చే 40 వేలు స్క్రీన్‌కి, బ్యాటరీకి, మోసుకుపోయే సౌకర్యానికి. ఎయిర్‌లో ఫ్యాన్ లేదు. మూడు గంటల పెళ్ళి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు అది వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, మినీలో ఫ్యాన్ ఉంది కాబట్టి చివరిదాకా ఒకే నడక. మీ పని జరిగేది స్టూడియోలో ఆ కుర్చీలోనే అని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఉదయం పెళ్ళి ఎడిట్ చేసి సాయంత్రం రిసెప్షన్‌లో తెర మీద వేసే ఆర్డర్లు మీకు నెలకి రెండు మూడు వస్తూ, వాటికి పార్టీ విడిగా డబ్బులిస్తుంటే నా జవాబు మారేది, అప్పుడు ల్యాప్‌టాప్ తన 40 వేలు తానే సంపాదిస్తుంది. ఏడాదికి ఒకటి రెండు అయితే ఆ రోజులకి విజయవాడ నుంచి అద్దెకి తెచ్చుకోండి.

డబ్బు లెక్క ఇప్పుడు. మూఢం మొదలైంది, ఫిబ్రవరి మూడో వారం దాకా ముహూర్తాలు లేవు. ఇంటి ఖర్చు 26,000, షాపు అద్దె 7,000 అని రాశారు, నెలకి 33,000 చొప్పున రెండున్నర నెలలకి 82,500. ఆ డబ్బు మీది కాదు అనుకోండి, ముట్టుకోవద్దు. 1,60,000లో అది తీసేస్తే 77,500 మిగులుతుంది. మినీ 59,900, ఒక టీబీ బయటి ఎస్‌ఎస్‌డీ ఎనిమిది తొమ్మిది వేలు, చిన్న యూపీఎస్ నాలుగు వేలు, కీబోర్డు మౌసు ఒక వెయ్యి. 74 వేల లోపు తేలిపోతుంది. మానిటర్‌కి, ఐమ్యాక్ పక్కన పెట్టుకున్న 24 అంగుళాలది సరిపోతుంది. ఐమ్యాక్ తెరని కేబుల్‌తో మినీకి మానిటర్‌గా వాడుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి, మీ మోడల్‌లో అది కుదరదు. పాత పెళ్ళిళ్ళ బ్యాలెన్సులు 45,000 రావాలన్నారు, అవి వస్తే మంచిదే, లెక్కలో మాత్రం వేసుకోవద్దు. ఆల్బమ్ చేతికొచ్చాక బ్యాలెన్స్ ఎన్నాళ్ళకిస్తారో మీకే బాగా తెలుసు.

ఈఎంఐ మాట. 99,900ని 12తో భాగిస్తే నెలకి 8,325. మొదటి మూడు వాయిదాలు, అంటే దాదాపు 25 వేలు, ఒక్క పెళ్ళి కూడా లేని నెలల్లో పడతాయి. తర్వాత ఆషాఢంలో మళ్ళీ అదే పరిస్థితి. జీతగాడికి ప్రతి నెలా ఒకటో తారీఖు ఉంటుంది, మీకు ముహూర్తాలుంటాయి, ఈఎంఐ మాత్రం పంచాంగం చూడదు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, బ్యాంకు లోపల వేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కడతారు, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంటు పోతుంది. ఒక్క వాయిదా తప్పితే క్రెడిట్ కార్డు వడ్డీ నెలకి 3 శాతం పైన. ఉన్న డబ్బుతో కొనగలిగేది ఎదురుగా ఉన్నప్పుడు ఈ టెన్షన్ దేనికి?

ట్యాక్స్ కోసం మార్చి లోపు కొనేయమని కూడా ఎవరో అన్నారట. మీ టర్నోవరు 14 లక్షలు, అంచనా ఆదాయం పద్ధతిలో రిటర్న్ వేస్తున్నారు, ఆ పద్ధతిలో కంప్యూటర్ తరుగుదల విడిగా చూపించుకోవడం ఉండదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి కట్టిన 18 శాతం వెనక్కి రాదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గిందన్నది పెద్ద టీవీలు, పెద్ద మానిటర్ల సంగతి, కంప్యూటర్లకి అప్పుడూ 18, ఇప్పుడూ 18. కాబట్టి ట్యాక్స్‌ని పక్కన పెట్టేయండి.

ర్యామ్ దగ్గర ఒక జాగ్రత్త. మీ ఐమ్యాక్ వెనక చిన్న మూత తీసి మీరే ర్యామ్ వేసుకుని ఉంటారు, ఎం చిప్ మెషీన్లలో ఆ వీలు లేదు, కొన్ననాడు ఎంత ఉంటే జీవితాంతం అంతే. మీ పనికి 16 చాలు. స్టోరేజీ 256 నుంచి 512కి పెంచడానికి మాత్రం ఇంకో 20,000 ఇవ్వొద్దు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ లైబ్రరీలు బయటి ఎస్‌ఎస్‌డీ మీదే పెట్టుకుని పని చేయండి, రేపు మెషీన్ మార్చినా ఆ డిస్క్ మీతోనే వస్తుంది.

అనూ ఫాంట్ల సంగతి మీరు ఒక్క ముక్కలో రాశారు కానీ నాకు అన్నింటికంటే అదే ముఖ్యమనిపించింది. ఎం చిప్‌లున్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. ఆ షాపులో ఎవరూ మీకు ఈ మాట చెప్పలేదంటే నాకు బాధగా ఉంది, ఎయిర్ కొని ఇంటికొచ్చాక శుభలేఖ ఎలా చేయాలని చూసుకునేవారు. మ్యాక్ లోపలే విండోస్ నడిపే ప్యారలల్స్‌లాంటి సాఫ్ట్‌వేర్‌తో విండోస్ నడుస్తుంది కానీ అది ఆర్మ్, అంటే ఎం చిప్‌ల తరహా ప్రాసెసర్ల కోసం చేసిన విండోస్, పాత ప్రోగ్రాములన్నీ అందులో కుదురుగా నడుస్తాయని నమ్మి డబ్బు పెట్టలేం. అందుకే ఐమ్యాక్‌ని ఎక్స్‌ఛేంజికి ఇవ్వకండి. దాన్ని ఆ మూలే ఉంచి అనూకి, కరిజ్మా ఆల్బమ్ టైటిళ్ళకి వాడండి, ఇంటర్‌నెట్ తీసేయండి, ఎందుకంటే విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, దాని మీద బ్యాంకు లావాదేవీ అస్సలు వద్దు. టైటిల్ చేసి, అక్షరాలని బొమ్మగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో మినీకి తెచ్చుకోండి. నెమ్మదిగా యూనికోడ్‌కి అలవాటు పడండి. రామభద్ర, తిమ్మన, పెద్దన, ధూర్జటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, శుభలేఖ మీద రామభద్ర ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి పెట్టి చూడండి.

పాప ల్యాప్‌టాప్‌ని ఇందులో కలపకండి. మాఘ ఫాల్గుణాల్లో మీకు రాత్రి రెండింటి దాకా ఎడిటింగ్ ఉంటుంది, అదే రోజుల్లో తనకి ల్యాబ్ రికార్డులు, ఇంటర్నల్స్ ఉంటాయి, ఒక్క మెషీన్ కోసం ఇద్దరూ ఇబ్బంది పడతారు. సీటు వచ్చి, కాలేజీ ఏది, బ్రాంచి ఏది తేలాక కొనండి. ముహూర్తాలున్న నెలల్లో ఆరేడు వేల చొప్పున పక్కన వేస్తే అప్పటికి సగం పైగా సమకూరుతుంది. విండోస్ తీసుకునేటట్టయితే ఇంటెల్ గానీ ఏఎండీ గానీ చూడండి. 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ ల్యాప్‌టాప్‌లు కూడా వస్తున్నాయి, బ్యాటరీ బాగుంటుంది, కానీ వాటికి ఆర్మ్ కోసం విడిగా రాసిన డ్రైవర్లే కావాలి, కాలేజీ ల్యాబ్ పరికరం దేనికైనా ఆ డ్రైవర్ లేకపోతే ఆ పిల్లకి అవస్థ.

జనవరిలో అన్నాను కదా, దానికి కారణం ఉంది. ఈలోపు ఐమ్యాక్‌లో మీరు వాడే ప్రతి ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి గెట్ ఇన్ఫో చూడండి, యూనివర్సల్ అని ఉంటే ఇబ్బంది లేదు, ఇంటెల్ అని ఉంటే అది మినీలో రోజెట్టా, అంటే ఇంటెల్ ప్రోగ్రాములని ఎం చిప్ మీద నడిపే ఆపిల్ సాఫ్ట్‌వేర్, సాయంతో నడవాలి. ఆ సాయం మ్యాక్ ఓఎస్ 27 దాకా పూర్తిగా ఉంటుంది, ఆ తర్వాత కొన్ని పాత ఆటలకి తప్ప ఉండదని ఆపిల్ చెప్పింది. అలాంటివి ఎన్నున్నాయో, వాటి కొత్త వెర్షన్లకి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసుకోండి, అయిదారు వేలు దాటేలా ఉంటే కొనేముందు నాకు మళ్ళీ రాయండి. కొన్నాక కొత్త కెమెరాతో తీసిన కార్తీకం పెళ్ళి ఒకటి, ఇప్పటికే డెలివరీ ఇచ్చేసింది, మినీలో మొదట్నుంచి పేర్చి మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి టీవీలో వేసి చూడండి. మూఢం పోయాక మొదటి ముహూర్తానికి కనీసం రెండు వారాల ముందు ఇదంతా అయిపోవాలి.