నాలుగేళ్లూ వేస్టేనా సార్?

ప్రశ్న: సార్, మాది పల్నాడు జిల్లా. బీఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్ అయిపోవచ్చింది. పోయిన వారం ఫేర్‌వెల్‌లో 54 మందిమీ తలా రెండు నిమిషాలు మైకు పట్టుకుని మా నాలుగేళ్ల గురించి చెప్పుకున్నాం. బాగా నవ్వుకున్నాం, చివర్లో ఏడ్చాం కూడా. ఇంటికొచ్చాక మాత్రం భయమేసింది. అందరం చెప్పింది ఒకటే సార్. నీట్‌లో సీటు రాక ఇందులో చేరాం, సీనియర్ల రికార్డులు చూసి రాసేశాం, మేం చేసిన పారాసెటమాల్ ట్యాబ్లెట్లు పైపెచ్చు ఊడిపోతే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌కి సీనియర్ల బ్యాచ్‌వి చూపించి గట్టెక్కాం. ఫ్రెండ్స్ కొందరు అమీర్‌పేటలో కోర్సు అంటున్నారు, కొందరు అమెరికా అంటున్నారు. మా ఊళ్లో మెడికల్ షాపాయన నా సర్టిఫికెట్ పెట్టుకుని నెలనెలా డబ్బులిస్తానంటున్నాడు. నాన్న వ్యవసాయం చేస్తారు, ఉద్యోగం ఎప్పుడని రోజూ అడుగుతున్నారు. నాలుగేళ్లూ వేస్టేనా? నేనేం చేయాలి?

జవాబు: ఫేర్‌వెల్ మైకు దగ్గర నేర్చుకున్నదాని గురించి ఎవరూ మాట్లాడరు తల్లీ, మాట్లాడితే కింద కూర్చున్నవాళ్లు ఈలలేసి దింపేస్తారు. నేనూ బీఫార్మసీయే, ఒక మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో, 11 ఏళ్లు చేసి ఈ సలహాలిచ్చే పనిలోకొచ్చాను, మా ఫేర్‌వెల్‌లో నేను మాట్లాడింది హాస్టల్ సాంబారు గురించి. కాబట్టి ఆ రోజు విన్న మాటల్ని బట్టి నాలుగేళ్లకి లెక్క కట్టకు. కానీ నువ్వు రాసినవాటిలో రెండు సంగతులు నాకు బాగా తగిలాయి, ఆ రికార్డులూ ఆ ట్యాబ్లెట్లూ.

రికార్డుల సంగతి ముందు. కాలేజీలో రీడింగులు ముందే రాసేసుకుని, గ్రాఫు గీసేసి, ఆ తర్వాత బ్యూరెట్ ముట్టుకోవడం మామూలే, నువ్వు కొత్తగా చేసిన పాపమేం కాదు. అయితే అదే అలవాటుతో కంపెనీలో అడుగుపెడితే మొదటి నెలలోనే దొరికిపోతావు. నా సంగతే చెప్తాను. ఉద్యోగంలో చేరిన మూడో వారం, బ్యాలెన్స్ దగ్గర శాంపిల్ తూకం వేసి, పక్కన బుక్కు లేకపోతే ఆ అంకెని చేతి గ్లోవ్ మీద పెన్నుతో రాసుకున్నాను, సీటు దగ్గరికెళ్లి ఎక్కిద్దామని. మా సెక్షన్ హెడ్ చూశారు. గ్లోవ్ విప్పించి టేబుల్ మీద పరిచి, 'ఒరిజినల్ రికార్డు ఇదే కదా, దీన్ని బుక్కులో అతికిద్దామా' అన్నారు. చుట్టూ అందరూ చూస్తున్నారు, నాకు చెవులు కాలిపోయాయి. అంకె పుట్టినప్పుడే, పుట్టిన చోటే రాయాలి, తప్పు పడితే కింద అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ, కారణం వేయాలి, వైట్‌నర్ అన్న మాటే ఎత్తకూడదు. మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ లాంటి మెషీన్లలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆడిట్ ట్రయల్ అనే కంప్యూటర్ చిట్టాలో మొత్తం పడుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకొచ్చి ఫారం 483 అనే కాగితం మీద తప్పులు రాసిచ్చి వెళ్తారు చూడు, వాటిల్లో ఈ డేటా గొడవలు తరచుగా ఉంటాయి. ఇంటర్వ్యూలో 'రిజల్ట్ లిమిట్ దాటి వస్తే ఏం చేస్తావ్' అని అడిగితే 'మళ్లీ చేసి సరిచేస్తా సార్' అని చటుక్కున అనేవాళ్లు బయటికే. వెంటనే పైవాళ్లకి చెప్తా, కారణం తేలేదాకా ఆ సొల్యూషన్లు పారబోయను అనాలి. కాలేజీలో ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, అందుకే ఇంతసేపు చెప్పాను.

ఇక ఉద్యోగాలు. ఈ విషయంలో మన తెలుగువాళ్ల అదృష్టం బాగుంది. హైదరాబాద్ బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టాక మందుల తయారీ తెలిసిన మనుషులు అక్కడ తయారయ్యారు, అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు, ఆయనలాగే ఇంకా ఎందరో. ఇవాళ జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల, ఇటు విశాఖ దగ్గర పరవాడ, ఎటు చూసినా ప్లాంట్లే. క్యూసీ, క్యూఏ (అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతున్నాయో లేదో చూసే విభాగం), ప్రొడక్షన్‌లకి ఫ్రెషర్ల వాక్-ఇన్‌లు పడుతూనే ఉంటాయి. ప్రొడక్షన్‌లో షిఫ్టులుంటాయి, నేను చూసినంతలో అమ్మాయిల్ని అక్కడికి తీసుకోవడానికి కంపెనీలు ఇంకా వెనకాడుతున్నాయి, ఇది తప్పే, కానీ ఉన్నమాట. క్యూసీ, క్యూఏల్లో ఆ ఇబ్బంది తక్కువ. మొదటి జీతం చూసి నాన్నగారు నిట్టూరుస్తారు, ముందే చెప్పి ఉంచు. రెండేళ్లు ఒకచోట కుదురుగా నిలబడి మెషీన్ మీద చెయ్యి తిరిగితే ఆ తర్వాత నీ మాట వేరుగా ఉంటుంది.

అమీర్‌పేట కోర్సుల్లో రెండు రకాలు. మెడికల్ కోడింగ్ అంటే రోగాలకీ చికిత్సలకీ బిల్లుల కోసం కోడ్‌లు వేసే పని, దానికి బీఫార్మసీయే కానక్కర్లేదు, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు ఎవరైనా వస్తారు. ఫస్టియర్‌లో చదివిన అనాటమీ, ఫిజియాలజీ పనికొస్తుంది, ఏసీలో కూర్చుని చేసే పని, తప్పేం లేదు, కాకపోతే మందుల లైను వదిలేసినట్టే. ఫార్మకోవిజిలెన్స్ అలా కాదు, మందు వాడినవాళ్లకి వచ్చే ఇబ్బందుల్ని నమోదు చేసి విశ్లేషించే పని, ఫార్మకాలజీ సరిగ్గా చదివినవాళ్లకి నప్పుతుంది. ఏదైనా సరే, 'డబ్బు కట్టండి, ఉద్యోగం గ్యారంటీ' అన్నచోట ఫీజు కట్టకు.

అమెరికా అనేవాళ్లకి ఒక్క మాట. మన నాలుగేళ్ల బీఫార్మసీతో అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు పరీక్షకి దారి లేదు, 2003 నుంచి పాసైనవాళ్లకి కనీసం ఐదేళ్ల కోర్సు అడుగుతున్నారు, ఆరేళ్ల ఫార్మ్‌డీ వాళ్లకి ఆ వీలుంది. అక్కడికెళ్లి ఎంఎస్ చేసినంత మాత్రాన లైసెన్సు రాదు. ఎంఎస్ చేసి కంపెనీ ఉద్యోగం వెతుక్కుంటానంటే అది వేరే లెక్క, ఎకరం అమ్మే ముందు ఆ తేడా తెలిసి అమ్మాలి.

ఎంఫార్మ్ గురించి నువ్వడగలేదు గానీ, ఉద్యోగం రాలేదని చేరే ఎంఫార్మ్ అంటే రెండేళ్లు వాయిదా వేయడమే. చదవాలని నిజంగా ఉంటే ఎంఫార్మ్ ఎంట్రన్స్ జీప్యాట్ గట్టిగా రాయి, అందులో క్వాలిఫై అయి చేరినవాళ్లకి నెలకి 12,400 స్టైపెండ్ ఉంది. బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థ నైపర్ లాంటి చోట సీటొస్తే రెండో ఆలోచన పెట్టుకోకు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకి నీ డిగ్రీ సరిపోతుంది, కానీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవద్దు, ఉద్యోగం చేస్తూ చదువుకో.

మెడికల్ షాపాయన మాటకొస్తే, వద్దు. ఊళ్లో అందరూ చేస్తున్నారనే అంటారు, నిజమే, చేస్తున్నారు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. నీ సర్టిఫికెట్ అద్దంలో బిగించి గోడకి తగిలిస్తే, ఆ షాపులో ఇచ్చే ప్రతి మాత్రకీ కాగితం మీద పూచీ నీది. నువ్వు పాశమైలారంలో షిఫ్టులో ఉంటావు, ఇక్కడ టెన్త్ ఫెయిలైన కుర్రాడు షుగర్ మందు బదులు ఇంకేదో ఇస్తాడు, నోటీసు నీ పేరు మీదొస్తుంది. ఆయన నెలకిచ్చే డబ్బు ఆ రోజు లాయరు ఫీజుకి కూడా చాలదు. పెద్దాయన, మొహమాటం అంటావేమో, 'నేను రోజూ వచ్చి కూర్చుంటానంటే జీతం ఎంతిస్తారు బాబాయ్' అని అడిగి చూడు, ఆయనే మాట మారుస్తాడు. నీకు నిజంగా షాపు మీద మనసుంటే మూడు నాలుగేళ్లాగి సొంతంగా పెట్టుకో, 10 చదరపు మీటర్ల గది, ఒక ఫ్రిజ్, లైసెన్సుతో మొదలవుతుంది. మా బ్యాచ్‌లో అందరికంటే నిమ్మళంగా ఉన్నది అలా పెట్టుకున్నవాడే, కంపెనీల్లో చేరిన మాకే బీపీలు వచ్చాయి.

ఇవన్నీ చెప్పాను కానీ నీ ఉత్తరంలో నీకేది నచ్చిందో ఒక్క ముక్క లేదు. అందరూ ఏమంటున్నారో ఉంది, నాన్నగారు ఏమంటున్నారో ఉంది. అందుకని ఒక పని చెయ్యి. నీ పాత రికార్డులన్నీ దించు, పాత పేపర్లవాడికి వేసేయకముందే. అందులో కాపీ కొట్టినవి పక్కన పెట్టి, నీ చేత్తో నువ్వు చేసినవి ఎన్నున్నాయో చూడు. యాస్పిరిన్ తయారుచేసి ఫెరిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదారంగు ఎందుకొచ్చిందో, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పగలవా? ట్యాబ్లెట్ ఎలా కరుగుతుందో చూసే డిసొల్యూషన్ టెస్టులో నీళ్లు 37 డిగ్రీల దగ్గరే ఎందుకుంచాలో చెప్పగలవా? పదైనా తేలతాయి, ఆ పదీ అద్దం ముందు తెలుగులో అయినా సరే గట్టిగా చెప్పుకో, ఇంగ్లీషు తర్వాత అదే వస్తుంది. ఆరో సెమిస్టర్ తర్వాత 150 గంటల ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి నిజంగా వెళ్లి ఉంటే రెజ్యూమెలో పైన పెట్టు, సంతకం మాత్రమే పెట్టించుకుని ఉంటే దాని గురించి గొప్పలు రాయకు, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ప్రొవిజనల్ చేతికి రాగానే టెన్త్ మెమో దగ్గర్నుంచి అన్నీ పెట్టుకుని ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కి అప్లై చెయ్యి, కంపెనీకే వెళ్లినా ఇది వదలొద్దు.

ఆఖరుగా ఆ ట్యాబ్లెట్లు. మీరందరూ నవ్వుకున్న ఆ పెచ్చులూడటాన్ని ఇండస్ట్రీలో క్యాపింగ్ అంటారు, ప్రొడక్షన్ ఇంటర్వ్యూలో ఇది అడగనివాణ్ని నేను చూడలేదు. ట్యాబ్లెట్‌గా నొక్కే గ్రాన్యూల్స్, అంటే ఆ గుళికలు, మరీ ఎండిపోయాయా, పొడి ఎక్కువైందా, స్టార్చ్ పేస్ట్ చాలలేదా, మధ్యలో గాలి చిక్కుకుందా, ట్యాబ్లెట్‌ని నొక్కే పంచ్‌లు అరిగిపోయాయా, మెషీన్ వేగం ఎక్కువ పెట్టారా? ఆ రోజు ల్యాబ్‌లో మీరు ఏం చేశారో గుర్తు తెచ్చుకుని, మీ బ్యాచ్‌కి అలా ఎందుకైందో కనుక్కుని నాకు రాయి. జవాబు తప్పైనా ఫర్వాలేదు, సీనియర్లని మాత్రం అడగొద్దు.