లాయరుగా చేసి పోయిన నాన్న ఫైళ్ళు ఏం చేయాలి? మా చిత్తూరు ఇంట్లో జరిగింది చెబుతాను

"మా నాన్నగారు ముప్పై ఏళ్ళు లాయరుగా చేసి ఈమధ్యే పోయారు. గదినిండా ఫైళ్ళున్నాయి. పాత కాగితాలవాడికి వేసేయొచ్చా?" అని ఒకరు అడిగారు. వేయకండి. ఒక్కో కట్టా విప్పి చూసేదాకా అసలు వేయకండి. మేం వేసేయబోయి ఆగాం.

మా నాయన 1971 నుంచి 2012 దాకా చిత్తూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేశాడు. అన్నీ సివిల్ కేసులే. చదివింది మద్రాసు లా కాలేజీలో. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మద్రాసులో ఉంటాం, కానీ అప్పీలుకు మాత్రం రాత్రంతా బస్సులో కూచుని హైదరాబాదు పోవాల్సి వచ్చేది. "రాష్ట్రాలు విడగొట్టినోళ్ళకి నా నడుం నొప్పి ఏం తెలుసురా" అనేవాడు.

ఆయన కేసుల్లో ఎక్కువ భాగం బావి నీళ్ళవీ బండి దారులవీ. అన్నదమ్ములు భూమి పంచుకుంటారు, బావి ఒకడి వైపు పడుతుంది, నీళ్ళ సంగతి నోటిమాట మీద వదిలేస్తారు. వాళ్ళ కొడుకుల కాలానికి కోర్టుకొస్తారు. మా స్కూలు ఫీజులన్నీ ఆ రాయని ఒక్క వాక్యం మీదే నడిచాయి. ఇంట్లో మేం కేసుల్ని నంబర్లతో కాదు, ఊళ్ళతో పిలిచేవాళ్ళం. ఐరాల బావి, యాదమరి దారి, పెనుమూరు చింతచెట్టు. పెనుమూరు చింతచెట్టు నా ఎనిమిదో తరగతిలో మొదలై నా పెళ్ళయ్యాక తెగింది.

చేబదులు తగాదాలతో ఎవరైనా వస్తే వెంటనే వకాల్తా తీసుకునేవాడు కాదు. "కాణిపాకం పోయి ప్రమాణం చేస్తావా?" అని అడిగేవాడు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడితే కొట్టుకుపోతారని మా వైపు నమ్మకం. కోర్టులో బోనెక్కి ధైర్యంగా అబద్ధం చెప్పే మనిషి కూడా అక్కడ తడబడతాడు. నాయనకు ఆ నమ్మకం ఎంతుందో నాకు తెలీదు గానీ, ఆ ప్రశ్న వేసి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఎదుటివాడి మొహం చూసేవాడు. "ఎప్పుడు పోదాం సార్?" అన్నవాడి కేసు తీసుకునేవాడు. "దేవుడెందుకు సార్ మధ్యలో" అన్నవాడికి కాఫీ ఇచ్చి పంపేసేవాడు.

రిటైరయ్యాక పదకొండేళ్ళు బతికాడు. పొద్దున ఏడింటికే ముందుగదిలో కూచుని పేపరు, కత్తెర ముందర పెట్టుకునేవాడు. కోర్టు వార్త కనబడితే కత్తిరించి తేదీ వేసేవాడు. అమ్మకు ఇంకా చదవని పేపర్లో చిల్లులు కనబడేవి. దాని మీద రోజూ గొడవే.

2023లో పోయాడు. ఏడాదయ్యాక గది ఖాళీ చేద్దామని ఆయన గుమాస్తాను పిలిపించాం. ఆయనకూ ఎనభై దగ్గర పడుతున్నాయి. కట్ట చేతిలోకి తీసుకుంటే పేరు చూడకుండానే ఊరు చెప్పేవాడు. రెండు వారాలు పట్టింది. తీర్పు వచ్చేసిన కేసుల డ్రాఫ్టులు, వాయిదా కాగితాలు ఒక కుప్ప. అసలు దస్తావేజులు ఇంకో కుప్ప. వీటి విషయంలోనే జాగ్రత్త. అవి మీ నాన్నగారివి కావు, క్లయింట్లవి. మాకు అలాంటివి పదిహేడు దొరికాయి. సత్యవేడు వైపుది ఒకటి తమిళంలో ఉంది. 1960లో మద్రాసు రాష్ట్రం నుంచి మనకొచ్చిన ప్రాంతం కదా, అక్కడి పాత కాగితాలు అలాగే ఉంటాయి. ఫోన్ చేసి పిలిచి, ఎవరి కాగితం వాళ్ళకిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాం. కేసు ఇంకా నడుస్తోందేమో అనుమానముంటే కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి. పుస్తకాలు ఒక జూనియర్ లాయరుకిచ్చాం. 2024 జూలైలో కొత్త చట్టాలొచ్చి ఐపీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పుస్తకాలు పాతబడ్డాయి గానీ, ఆస్తుల బదిలీ చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ లాంటివి ఇంకా పనికొస్తాయి.

చివర్లో నంబరు లేని కట్ట ఒకటి మిగిలింది. గుమాస్తా దాన్ని చూసి, "ఇది నాకు తెలీదు బాబూ" అన్నాడు. పైన మా మేనత్త పేరుంది.

లోపల 1983 జనవరి నాటి హక్కు విడుదల పత్రం. తాత పోయిన మరుసటి సంక్రాంతికి, మూడెకరాల మామిడి తోటలో తన హక్కు అన్నకు వదులుకుంటున్నానని అత్త చేసిన సంతకం. మా అందరికీ తెలిసిన సంగతే. తెలియంది ఏంటంటే ఆ పత్రం రిజిస్టరు కాలేదు. రాసిన నాలుగు నెలల్లో సబ్‌రిజిస్ట్రారు ముందు పెట్టాలి, జరిమానా కడితే ఇంకో నాలుగు నెలలు. ఆ తర్వాత ఆ కాగితానికి విలువ లేదు. వాయిదా తేదీ ఒక్కటి మరిచిపోని మనిషి ఇది మరిచిపోయాడంటే నేను నమ్మను.

దానికి గుండుసూదితో ఒక పేపరు ముక్క గుచ్చి ఉంది. 2020 ఆగస్టు 12. ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా సరే అని సుప్రీంకోర్టు అంతకు ముందురోజు ఇచ్చిన తీర్పు వార్త. తాత పోయినప్పటి చట్టం లెక్కయితే అత్తకు ఆరో వంతు. ఈ తీర్పు ప్రకారం, అవ్వ వాటాలోంచి వచ్చేది కూడా కలిపితే, సగం. ముక్క అంచున నాయన చేత్తో "1/2" అని రాసుంది. అంతే, ఇంకో మాట లేదు.

నిజం చెబుతున్నా, ఆ రెండు రోజులు నేను ఆ కట్టను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్కడే కొడుకుని. తోట మొత్తం నాదే అనుకుంటూ పెరిగాను. నాయన మీద కోపం కూడా వచ్చింది. ఊళ్ళోవాళ్ళ ఆడపిల్లల తరఫున కోర్టులో గంటలకొద్దీ వాదించినవాడు, సొంత చెల్లెలికి నలభై ఏళ్ళు ఒక్క మాట చెప్పలేదు. కాగితాన్ని చంపేసి ఊరుకున్నాడు. మిగతాది నా నెత్తిన పెట్టాడు.

మూడో రోజు పలమనేరు పోయి అత్తకు చూపించాను. సంతకం మీద వేలు పెట్టి, "నాదే. ఆ పొద్దు మీ నాయన పితికిపప్పు చేయించి పెట్టించినాడు. నాకిష్టమని" అంది. తర్వాత పేపరు ముక్క చదివించుకుంది. రెండుసార్లు.

పోయిన నెల భాగపరిష్కారం రిజిస్టరు చేయించాం. ఎకరన్నర, ఎకరన్నర. అత్త పడమటి వైపు కోరుకుంది. బోరు కూడా అటే ఉంది. "నీళ్ళు నువ్వు వాడుకోక ఎవరు వాడుకుంటారురా, దానికి కాగితమెందుకు?" అంది. గుమాస్తా నా వైపు చూశాడు. బోరు నీళ్ళు, పైపు పోయే దారి, కరెంటు బిల్లులో ఎవరి సగం ఎంత, అన్నీ రాయించాం.