అరవై దాటిన సైకిళ్లు: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మాటవరసకు ఒక ముక్క రాశాను, నాకు 67 నిండినా కూరగాయలకు సైకిల్ మీదే హనుమకొండ చౌరస్తాకు పోయి వస్తానని. అంతే, ఉత్తరాలు, వాట్సాప్‌లు మొదలైనయి. ఒకాయనైతే "ఇంట్లో కొడుకులు చూస్తలేరా సార్" అని జాలిపడ్డాడు. మిగతావాళ్లు మాత్రం మంచి ప్రశ్నలు అడిగారు, అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే. ఒక మాట ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాను. యాభై ఏళ్లుగా తొక్కుతూ, అరవై దాటాక రెండుసార్లు పడి లేచినవాణ్ణి.

నాకు 66. రిటైర్డ్ లెక్కల సారును. కాజీపేట నుంచి ధర్మసాగర్ చెరువు దాకా రోజూ తొక్కుతాను. ఇదివరకు 35 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 45 దాటుతోంది. బీపీ మాత్ర మొదలైనప్పటి నుంచి చేతి వాచీలో గుండె లెక్క 110 దాటడం లేదు. మా ఆవిడ ఇక మానేయమంటోంది. నా పని అయిపోయినట్టేనా?
— కాజీపేట పాఠకుడు

సారూ, ముందు మీరు నాకొకటి చెప్పాలి. ఆ పది నిమిషాలు పదేళ్లలో పోయాయా, మూడు నెలల్లో పోయాయా? పదేళ్లలో పోతే అది వయసు, దానితో మనకు పేచీ లేదు. మూడు నెలల్లో పోతే మాత్రం వయసు మీదికి నెట్టకండి, డాక్టర్‌కు చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, గుండెలో ఏదైనా మొదలైనా ముందు ఇట్లాగే నెమ్మదిస్తాం. ఎక్కుడులో ఛాతీ పట్టేసినట్టున్నా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా ఆ రోజే పోవాలి. అదేదీ కాకపోతే టైర్లో గాలి చూసుకోండి, నవ్వకండి, నేనొకసారి వారం రోజులు నా గుండెను అనుమానించి చివరికి వెనక ట్యూబు నెమ్మదిగా లీకవుతోందని కనుక్కున్నా.

ఇక లెక్క. గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో చెప్పే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది, వయసును 0.7తో హెచ్చించి 208లోంచి తీసేయడం. 30 ఏళ్ల వాడికి 187 వస్తుంది, మీకు 162. సాధనతో ఇది పెద్దగా పెరిగేది కాదు. దీనికితోడు కండల్లో గబుక్కున బలం చూపించే పోగులు ముందు పలచబడతాయి, నిదానంగా చాలాసేపు పనిచేసేవి ఎక్కువ కాలం నిలబడతాయి. అందుకే వెనక లారీ హారన్ కొడితే లేచి నిలబడి తొక్కడం మన వల్ల కాదు గానీ, గంటన్నర ఒకే తీరుగా తొక్కమంటే చాలామంది కుర్రాళ్లకంటే మనమే నయం.

వాచీ సంగతి వేరు. మీ మాత్ర పేరు చివర "లోల్" ఉందేమో చూడండి, అటెనోలోల్, మెటోప్రోలోల్ లాగా. ఆ రకం మాత్రలు గుండె వేగాన్నే పట్టి ఉంచుతాయి, కాబట్టి 110 దాటకపోవడం మాత్ర చేస్తున్న పని, మీ కాళ్ల తప్పు కాదు. వాచీ కోసం మాత్ర మాత్రం ఆపకండి. తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది హాయి వేగం, రెండు మాటలకోసారి ఆయాసపడుతుంటే కష్టపు వేగం. ఈ కొలత ఏ మాత్ర వేసుకున్నా పనిచేస్తుంది.

మీ ఆవిడకు చెప్పడానికి ఒకాయన కథ ఇస్తా. ఫ్రాన్స్‌లో రోబేర్ మార్షాన్ అని, 1911లో పుట్టాడు. 2012లో నూరేళ్ల వయసులో గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. తర్వాత ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో సాధన చేశాడు, ఎక్కువ భాగం హాయి వేగంతో, కొంచెం మాత్రం గట్టిగా. 2014లో, 102 ఏళ్లకు, గంటలో 26.927 కిలోమీటర్లు. అంటే నూరు దాటాక కూడా పెరిగాడు! 2017లో 105 ఏళ్లకు 22.547 దగ్గర ఆగాడు, అదీ చెప్పాలి కదా. 2021లో 109 ఏళ్లకు పోయాడు. ఆయనంటే కోటికొకడు, ఒప్పుకుంటా. కానీ 2018లో లండన్, బర్మింగ్‌హామ్ శాస్త్రవేత్తలు 55 నుంచి 79 ఏళ్ల మామూలు సైకిల్ అభిమానులు 125 మందిని పరీక్షించి చూశారు. వయసు పెరిగినా వాళ్లలో కండ తగ్గలేదు, రోగనిరోధక కణాల తయారీ కూడా చాలావరకు పడుచువాళ్లకు దగ్గరగా ఉంది. అయితే వాళ్లను ఎంచిందే గట్టి పరీక్ష పెట్టి, మగవాళ్లయితే ఆరున్నర గంటల్లోపు 100 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు ఇక్కడి నుంచి భువనగిరి దాకా, ఆడవాళ్లయితే ఐదున్నర గంటల్లోపు 60 కిలోమీటర్లు తొక్కగలగాలి. కాబట్టి సైకిల్ వల్ల వాళ్లు బాగున్నారా, బాగున్నారు కాబట్టి తొక్కుతున్నారా అంటే, కొంత అదీ కొంత ఇదీ.

మీరు మార్చుకోవాల్సింది ఒక్కటే, రోజూ ధర్మసాగర్ అనే పట్టు. 40 ఏళ్లప్పుడు రాత్రి నిద్రతో తీరిపోయిన అలసట ఇప్పుడు రెండో రోజు మధ్యాహ్నం దాకా ఉంటుంది. వారంలో నాలుగు రోజులు చాలు. అందులో ఒక రోజు మాత్రం రెండు మూడు చోట్ల నిమిషం నిమిషం గట్టిగా తొక్కండి. మిగతా రోజులు మీ ఆవిడతో నడవండి, గొడవ కూడా తగ్గుతుంది.

మా నాన్నకు 72. పరకాల దగ్గర ఊళ్లో ఉంటాడు. బారున్న పాత సైకిలే ఇప్పటికీ. పోయిన నెల పాల క్యాన్ పెట్టుకుని వచ్చి ఇంటి ముందు దిగబోతూ పడ్డాడు, చెయ్యి బెణికింది. రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నాడు. బారు లేని సైకిల్ కొనిస్తానంటే "ఆడోళ్ల సైకిల్ నేను తొక్కాల్నా" అని కోప్పడ్డాడు. ఎలా ఒప్పించాలి?
— హైదరాబాద్‌లో ఉండే కూతురు

అమ్మా, మీ నాన్న తొక్కుతూ పడలేదు చూశారా, దిగుతూ పడ్డాడు. మా వయసువాళ్లం చాలామందిమి ఇట్లాగే, సైకిల్ ఆగే ముందు, ఆగాక, ఎక్కేటప్పుడు. ఆయన ఎట్లా ఎక్కుతాడో నేను చూడకుండానే చెప్పగలను. ఎడమ కాలు పెడలు మీద, కుడికాలితో నేలను రెండు తన్నులు, తర్వాత కుడికాలు వెనక నుంచి క్యారియర్ మీదుగా గిర్రున తిప్పి సీటు మీద కూర్చోవడం. పాతికేళ్లప్పుడు ఆ కాలు నడుమెత్తు దానంతటదే లేచేది. ఇప్పుడు తుంటి కీలు బిగుసుకుని జానెడు తక్కువ లేస్తుంది, సరిగ్గా ఆ జానెడులోనే పాల క్యాన్ ఉంటుంది.

నేను మొదటిసారి పడింది సుబేదారిలో ఒక టీ కొట్టు ముందు. సైకిల్ ఆగే ఉంది, నేనూ ఆగే ఉన్నా. దిగుదామని కాలు లేపితే ప్యాంటు అంచు సీటు కింది స్ప్రింగుకు తట్టుకుంది. ఇంక నేనూ సైకిలూ కలిసి, ఏ తొందరా లేకుండా, ఎడమవైపు ఒరిగిపోయాం. పడుతున్నానని తెలుస్తూనే ఉంది, ఆపడం తెలియడం లేదు. టీ తాగుతున్న నలుగురు లేపారు. చేతిలో కొత్తిమీర కట్ట మాత్రం వదల్లేదు.

ఒప్పించడం అంటారా, వాదించకండి. బారు లేని సైకిల్ కొని "మనవరాలికి" అని చెప్పి ఆయన ఇంట్లోనే పెట్టండి. పిల్ల సెలవులకే వస్తుంది, సైకిల్ మాత్రం రోజూ గుమ్మం పక్కనే ఉంటుంది. ఏదో ఒక రోజు పాలకు ఆలస్యమైతే ఆయనే తీస్తాడు. నా విషయంలో ఇదే జరిగింది, పన్నింది మా ఇంటావిడ.

అప్పటిదాకా, పూర్తిగా ఆపి, రెండు బ్రేకులూ పట్టి, సైకిల్‌ని బాగా తనవైపు వంచి కాలు దాటించమనండి. అరుగు పక్కన ఆపితే ఇంకా మేలు. క్యాన్ క్యారియర్ పైన కాదు, పక్కన కిందికి వేలాడాలి. రెండు వైపులా సమంగా ఉంటే బ్యాలెన్స్ కూడా బాగుంటుంది. హెల్మెట్ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఆ మాత్ర వాడేవాళ్లకు తల తగిలితే పైకి ఏమీ కనబడకపోయినా లోపల రక్తం కారొచ్చు, "ఏం కాలే" అని పడుకోనీయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. హ్యాండిల్‌కు కుడివైపు ఒక అద్దం కూడా పెట్టించండి. మెడ తిప్పి వెనక్కి చూస్తే సైకిల్ కూడా అటే పోతుంది ఈ వయసులో.

మోకాలి చిప్ప ముందు నొప్పి. సైకిల్ మానేయాలా? వయసు 61.
— జమ్మికుంట పాఠకుడు

మానేసే ముందు సీటు ఎత్తండి. మన దగ్గర అందరం సీటు కిందికి దించుకుంటాం, ఆగితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని. భయానికి అది మంచిదే, మోకాలికే శత్రువు. ముడుచుకున్న మోకాలితో తొక్కితే బరువంతా చిప్ప మీదే పడుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడలును అడుగుకు తిప్పి దాని మీద మడమ పెట్టండి, కాలు దాదాపు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందు భాగం పెడలు మీద ఉండాలి, అప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. ఒకేసారి కాకుండా రోజుకు ఒక వేలెడు మందం పెంచుకోండి. గేర్లుంటే తేలిక గేరులో వేగంగా తిప్పండి, బరువు గేరులో ఈడ్వకండి. మోకాలు వాచినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా అది సీటు సంగతి కాదు, ఎముకల డాక్టర్ దగ్గరికి పోండి.

నాకు 56. చిన్నప్పుడు మా అన్నలు కిరాయి సైకిల్ తెచ్చి నేర్చుకున్నారు, నన్ను ముట్టనియ్యలేదు. ఇప్పుడు నేర్చుకోవచ్చా? వీధిలో నవ్వుతారేమోనని టెన్షన్.
— మంచిర్యాల పాఠకురాలు

తప్పకుండా నేర్చుకోవచ్చమ్మా. నవ్వేవాళ్లలో సగం మందికి సైకిల్ రాదు. నేనూ మా చెల్లెకు ఇవ్వలేదు, గంటకు అర్ధరూపాయి కిరాయి, అందులో దానికి వాటా ఎందుకని. మొన్న మీ ఉత్తరం చదివి దానికి ఫోన్ చేశాను. "ఇప్పుడు గుర్తొచ్చిందా" అంది.

బారు లేని చిన్న సైకిల్ తీసుకోండి. షాపతనితో రెండు పెడళ్లూ విప్పించండి, సీటు పూర్తిగా దించండి. ఖాళీ స్కూలు మైదానంలో పొద్దుగాల, కూర్చుని పాదాలతో నేలను తోసుకుంటూ పోండి. ఎవరూ వెనక పట్టుకోవద్దు, పట్టుకుంటే బ్యాలెన్స్ రాదు, పట్టుకున్నవాడి నడుం పోతుంది. రెండు పాదాలూ ఎత్తి పది అడుగులు జారగలిగిన రోజు పెడళ్లు బిగించుకోండి. పిల్లలకు రెండు రోజులు పడితే మనకు రెండు వారాలు, అంతే తేడా. ముందు నేర్వాల్సింది బ్రేకు, తొక్కుడు తర్వాత. చైను కవరు ఉన్న సైకిలే కొనండి, చున్నీ నడుముకు కట్టుకోండి. ఎముకల బలం ఎట్లా ఉందో ఒకసారి డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక అది త్వరగా తగ్గుతుంది.

ఇదే సందర్భంలో, "రోజూ సైకిల్ తొక్కుతా, ఇంకే వ్యాయామం అక్కర్లేదు కదా" అని కరీంనగర్ నుంచి అడిగిన పెద్దాయనకు: అక్కరుంది. సైకిల్ గుండెకూ కాళ్లకూ మంచిది, ఎముకకు దానివల్ల ఒరిగేది తక్కువ, మన బరువు సీటు మోస్తుంది కదా. నడక, మెట్లు, కాస్త బరువులెత్తడం పెట్టుకోండి. పళ్లు తోముకునేటప్పుడు గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి, సైకిల్ దిగేటప్పుడు అదే కాపాడుతుంది.

షుగర్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పొద్దున్నే తొక్కొచ్చా?
— ములుగు రోడ్డు పాఠకుడు

వద్దు. కొన్ని షుగర్ మాత్రలకూ ఇన్సులిన్‌కూ తోడు వ్యాయామం కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, చెమటలు, వణుకు, తర్వాత రోడ్డు మీద ఏమైందో తెలియదు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని అడగండి, ఏదైనా కొంచెం తిని బయల్దేరండి, జేబులో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉండాలి. వయసుతో దాహం తెలియడం కూడా తగ్గుతుంది, కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. మన ఎండాకాలంలో ఏడు గంటలకల్లా ఇంట్లో పడాలి. వచ్చాక ఉప్పేసిన సల్ల, దానికి మించింది ఏ సీసాలోనూ లేదు.

పేరు వేయొద్దు. అరగంట తొక్కితే కింద తిమ్మిరి పడుతోంది.

సిగ్గుపడే విషయం కాదు, సీటు నరాన్ని నొక్కుతోంది. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా చేయించండి, మధ్యలో గాడి ఉన్న సీటు దొరుకుతుంది, పది నిమిషాలకోసారి లేచి నిలబడండి. దిగాక కూడా తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పండి. ఇంకోటి, ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ రక్త పరీక్ష ఉంటే ముందు రెండు రోజులు సైకిల్ ఆపండి, లెక్క ఎక్కువ చూపించవచ్చు.

బ్యాటరీ సైకిల్ కొంటే మోసం చేసినట్టా?
— హసన్‌పర్తి పాఠకుడు

ఎవర్ని? తొక్కితేనే సాయం చేసే రకం కొనండి, కాజీపేట బ్రిడ్జి ఎక్కినప్పుడు దాని విలువ తెలుస్తుంది. మోటరు 250 వాట్లు, వేగం 25 కిలోమీటర్లు దాటని వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బరువెక్కువ, కొనే ముందు షాపులో ఒకసారి లేపి మెట్టు ఎక్కించి చూడండి.

నా అట్లాస్ సైకిల్‌కు నలభై ఏళ్లు. కంపెనీ మూతపడిందట కదా, పాత సామాన్లవాడికి వేసేయనా?
— జనగామ పాఠకుడు

ఢిల్లీ దగ్గర సాహిబాబాద్‌లో వాళ్ల ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగింది, అది ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం ఒక విడ్డూరం. అయినా మీ సైకిల్‌కు ఏ లోటూ రాదు. 28 ఇంచుల టైరు, కాటర్ పిన్ను, బాల్ బేరింగులు, బ్రేకు లబ్బర్లు ఏ కంపెనీవైనా పడతాయి. ఒకసారి మొత్తం విప్పించి గ్రీజు పెట్టించండి. అమ్మాలనే అనుకుంటే, దానికి పనిచేసే డైనమో ఉందా? ఉంటే ముందు నాకు రాయండి.