మూత్రంలో మంట మళ్లీ మళ్లీ వస్తోందా? మాత్ర కన్నా ముందు కల్చర్

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఈ ఏడాదిలో నాలుగుసార్లు మూత్రంలో మంట వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. ప్రతిసారీ మెడికల్ షాపులో అడిగితే అదే యాంటీబయాటిక్ ఇస్తున్నారు. రెండ్రోజుల్లో తగ్గిపోతుంది, మిగిలిన మాత్రలు ఆపేస్తాను. మా అత్తయ్య వేడి చేసిందని బార్లీ నీళ్లు కాచి ఇస్తారు. ఈ మధ్య గట్టిగా దగ్గినా, తుమ్మినా చుక్కలు పడుతున్నాయి. మా వారికి 56. షుగర్ లేదు గానీ రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తున్నారు. మేం ఏ డాక్టర్‌ను కలవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినవి మూడు వేర్వేరు సమస్యలు. ముందు మంట సంగతి చూద్దాం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే.

ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ కింద లెక్కేస్తాం. మీకు నాలుగుసార్లయింది. కానీ ఆ నాలుగూ ఇన్ఫెక్షన్లే అని చెప్పడానికి మీ దగ్గర ఒక్క రిపోర్టు కూడా లేదు. మంట ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ అనుకోవడానికి లేదు. నీళ్లు తాగక మూత్రం చిక్కబడినా, చిన్న రాయి ఉన్నా, తెల్లబట్టతో పాటు దురద ఉన్నా మంట వస్తుంది. వాటిలో కొన్ని రెండ్రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి కూడా. ఆ పేరు మాత్రకు పోతుంది.

నిజంగా ఇన్ఫెక్షనే అయితే, చాలాసార్లు దానికి కారణం మన పేగుల్లో ఉండే ఈ-కోలి అనే బ్యాక్టీరియా. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే. మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. అందుకే ఇది ఆడవాళ్లకు అంత తేలిగ్గా వస్తుంది, మీ శుభ్రతలో లోపం ఉందని కాదు. సగం కోర్సుతో మందు ఆపేసి, మళ్లీ అదే మందు వాడుతూ పోతే, దానికి లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. ఒకప్పుడు మంటకు విరివిగా రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులు ఇప్పుడు మన దగ్గర చాలామందిలో పనిచేయడం లేదు. షాపులో ఇచ్చింది ఆ రకమేనా అన్నది స్ట్రిప్ చూస్తే తెలుస్తుంది. పాత స్ట్రిప్పులు పారేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

కాబట్టి ఈసారి మంట మొదలైతే, మొదటి మాత్ర వేసుకోకముందే సీయూఈ (మామూలు మూత్ర పరీక్ష), యూరిన్ కల్చర్ (మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) రెండింటికీ శాంపిల్ ఇవ్వండి. శాంపిల్ పట్టడంలోనే చాలా రిపోర్టులు చెడిపోతాయి. ముందు నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదట వచ్చే కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది ల్యాబ్ వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపల వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు)తో పాటు ఎపిథీలియల్ సెల్స్ (పైపొర కణాలు) కూడా బాగా ఎక్కువగా ఉంటే, శాంపిల్‌లో చర్మం నుంచి వచ్చినవి కలిశాయని అనుమానించాలి. అప్పుడు మళ్లీ ఇవ్వడమే మేలు. కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే పనిచేస్తుందని, ఆర్ అంటే పనిచేయదని. మంట తట్టుకోలేనట్టు ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. శాంపిల్ ఇచ్చాక డాక్టర్ ఒక మందు మొదలుపెట్టి, రిపోర్టు చూసి మారుస్తారు. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ముందు అడిగి చూడండి.

ఇంకో మాట. ఏ ఇబ్బందీ లేకుండా మామూలు చెకప్‌లో కల్చర్ పాజిటివ్ వచ్చిందని కొందరు కంగారుపడి మందులు అడుగుతారు. గర్భిణులకు, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయబోయే వాళ్లకు తప్ప దానికి మందు అక్కర్లేదు.

బార్లీ నీళ్లు, సబ్జా, కొబ్బరి నీళ్లు తాగండి, మీ అత్తయ్య మాట కాదనక్కర్లేదు. మూత్రం పలచబడితే మంట తగ్గుతుంది. అయితే లోపలున్న బ్యాక్టీరియాను అవి చంపవు. షాపుల్లో ఇచ్చే పుల్లటి సిరప్ కూడా అంతే. తక్కువ నీళ్లు తాగే అలవాటున్న ఆడవాళ్లు రోజూ తాగే దానికి మరో లీటరున్నర కలిపితే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ఒక పరిశోధనలో తేలింది. గుండె, కిడ్నీ జబ్బులున్న వాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగాలి. టీచర్ల సంగతి నాకు తెలుసు: స్కూల్లో బాత్రూమ్ సరిగా ఉండదు, పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య టైముండదు, అందుకని పొద్దున్నుంచీ నీళ్లే తాగరు. ఏప్రిల్, మే ఎండల్లో ఇది రాళ్లకు కూడా దారి. మూడు నాలుగు గంటలకోసారి వెళ్లే వీలు స్కూలు కల్పించాలని గట్టిగా అడగండి. దీనికి మొహమాటం ఎందుకు?

దగ్గితే చుక్కలు పడటం ఇన్ఫెక్షన్ కాదు. ఎక్కువగా కాన్పుల తర్వాత కటి కింది కండరాలు వదులవడం వల్ల వస్తుంది. గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని ఎనిమిదిసార్లు బిగించి వదలండి, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చేయొద్దు. బరువు ఎక్కువుంటే తగ్గడం కూడా బాగా పనిచేస్తుంది. సిగ్గుపడి ఏళ్ల తరబడి ప్యాడ్లతో గడిపేవాళ్లే ఎక్కువ, ఇంత సులువైన దారి ఉండి కూడా.

ఇక మీ వారు. 50 దాటిన మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరగడం మామూలే. ధార సన్నగా రావడం, మొదలవడానికి ఆలస్యం, అయిపోయాక కూడా ఇంకా ఉందనిపించడం ఉంటే అదే అయ్యుండొచ్చు. అయితే రాత్రి లేవడానికి అదొక్కటే కారణం కాదు. మూడు రోజులు ఒక కొలత గ్లాసు పెట్టుకుని, ఎప్పుడు ఎంత పోశారో రాయమనండి. రోజు మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రే వస్తుంటే తప్పు మూత్రాశయానిది కాకపోవచ్చు, రాత్రిపూట మూత్రమే ఎక్కువ తయారవుతుండొచ్చు. రాత్రి పడుకునే ముందు తాగే చాయ్, సాయంత్రం కాళ్ల వాపు, గురక వీటన్నింటినీ చూడాలి. షుగర్ లేదని ఎప్పటి పరీక్షతో అనుకుంటున్నారో కూడా చూసుకోండి, మళ్లీ ఒకసారి చేయించాలి. మూత్రం పోయక ముందూ, పోశాకా చేసే స్కాన్‌తో లోపల ఎంత మిగిలిందో తెలుస్తుంది. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయిస్తే లెక్క ఎక్కువ చూపి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. జలుబు మాత్రలు కొన్నింటితో ప్రోస్టేట్ పెరిగినవాళ్లకు మూత్రం పూర్తిగా ఆగిపోయే ప్రమాదముంది, షాపులో అడిగి కొనొద్దని చెప్పండి.

కొన్నింటికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. చలి జ్వరంతో నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమోనని చూడాలి. మూత్రం అస్సలు రాక పొట్ట ఉబ్బినా, నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడి, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించి మళ్లీ మామూలైపోయినా వదిలేయకూడదు. ముఖ్యంగా సిగరెట్, బీడీ అలవాటున్న వాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ మొదట ఇలాగే కనపడుతుంది. బీట్‌రూట్ తిన్న మర్నాటి ఎరుపును చూసి భయపడక్కర్లేదు, తినకపోయినా ఎరుపుంటే పరీక్ష తప్పదు.

మీరు ముందు గైనకాలజిస్ట్‌ను కలవండి, మంట, చుక్కలు రెండూ అక్కడే తేలతాయి. అక్కడ స్కాన్ చేయిస్తే అందులో ఏదైనా తేడా వస్తే, లేదా కల్చర్ చూసి మందు వాడినా మళ్లీ మళ్లీ వస్తుంటే యూరాలజిస్ట్ దగ్గరికి పంపుతారు. మీ వారు నేరుగా యూరాలజిస్ట్‌నే చూడొచ్చు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మూడింట్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి. ఆ మూడు రోజుల లెక్క రాసిన కాగితం వెంట తీసుకెళ్లమనండి.