‘నా ఇంగ్లిష్‌తో ఇక్కడ లా చదవగలనా, అక్కా?’

“అక్కా, మాది జడ్చర్ల. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి, మహబూబ్‌నగర్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర రెండేళ్లు జూనియర్‌గా ఉన్నాను. పెళ్లయి హెచ్4 వీసా (భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు వచ్చేది) మీద న్యూజెర్సీ వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ ఎల్‌ఎల్‌ఎమ్ (లాలో మాస్టర్స్) చేస్తానంటే ఇంట్లో అందరూ ‘నీ ఇంగ్లిష్‌కు లా ఏంది, ఏదన్నా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?”

చెల్లె, నాది నల్లగొండ. ఈ మాట నేనూ పడ్డాను, ఇదే టెన్షన్‌తో నెలల తరబడి నిద్ర పోగొట్టుకున్నాను. మీ ఇంట్లోవాళ్లు ఇంగ్లిష్ అంటే గడగడా మాట్లాడటం అనుకుంటున్నారు. యాస గురించి నువ్వు దిగులు పడకు. ఇన్నేళ్లలో నా యాస చూసి కేసు వెనక్కి తీసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. లాకు కావాల్సింది ఒకే పేజీని నాలుగుసార్లు చదివే ఓపిక, చదివినదాన్ని సూటిగా రాయగలిగే చెయ్యి. అవి నీకున్నాయో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

మీ అపార్ట్‌మెంట్ లీజు కాగితం బయటికి తియ్యి. కొన్నిచోట్ల ‘షల్’ అని ఉంటుంది, కొన్నిచోట్ల ‘మే’ అని. మొదటిది చేసి తీరాలని, రెండోది వాళ్ల ఇష్టమని. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ (అంటే ‘అది ఎట్లా ఉన్నా సరే’) అని మొదలైన వాక్యం దగ్గర ఆగు. పైన ఇచ్చిన మాటను చాలాసార్లు అక్కడే వెనక్కి తీసుకుంటారు. డిపాజిట్‌లో కోత ఎప్పుడు పెట్టొచ్చు, మీరు మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలి అన్నది ముందు తెలుగులో ఒక పేజీ రాయి. తర్వాత అదే సంగతి ఇంగ్లిష్‌లో అర పేజీకి కుదించు. ఈ పనిలో గంట ఎట్లా గడిచిందో తెలియకపోతే లా నీకు పడుతుంది. పది నిమిషాలకే ప్రాణం విసిగితే మాత్రం తొందరపడి ఫీజు కట్టొద్దు, ఎందుకంటే అక్కడ రోజంతా చేసే పని అదే.

నేను ఎల్‌ఎల్‌ఎమ్‌లో చేరిన మొదటి నెల ఒక మెమో (కేసును విశ్లేషించే నోట్) రాసిచ్చాను. నల్లగొండ కోర్టులో డ్రాఫ్టింగ్ నేర్చుకున్నదాన్ని కదా, ‘ఇట్ ఈజ్ మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ సబ్‌మిటెడ్’ అని మొదలుపెట్టి సగం పేజీ ఒకే వాక్యం లాగాను. ప్రొఫెసర్ దాని పక్కన ఎర్రపెన్నుతో రెండే ప్రశ్నలు రాసింది: ఎవరు? ఏం చేశారు? ఆ రాత్రి ఏడ్చాను. కానీ ఆమె అడిగింది న్యాయమే, అంత పొడుగు వాక్యంలో చేసిన మనిషే కనిపించడు. సమస్య ఏంటి, దానికి రూల్ ఏంటి, ఆ రూల్ ఈ సంగతికి ఎట్లా వర్తిస్తుంది, చివరికి ఏం తేలింది... ఈ వరసలో చిన్న చిన్న వాక్యాలు రాయడం అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. నీకూ కోర్టు అలవాటు ఉంది కాబట్టి ముందే చెబుతున్నా.

ఇక్కడ లాయర్ లైసెన్సు కోసం రాసే బార్ పరీక్షలోనూ ఈ రాతే కావాలి. న్యూయార్క్‌లో ఇప్పుడున్న పద్ధతి ప్రకారం రెండు రోజుల పరీక్ష: 200 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, 6 వ్యాసాలు, 90 నిమిషాల చొప్పున 2 పనులు. ఆ పనుల్లో కేసు ఫైలు, చట్టం రెండూ వాళ్లే చేతికిస్తారు. వాటికి బట్టీ పట్టి లాభం లేదు, అక్కడికక్కడ చదివి రాయాలి.

ఇంగ్లిష్ కోసమని తెలుగును మాత్రం వదలకు. ఆ మధ్య దేవరకొండ వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మకు ఊళ్లో భూమి గొడవ మీద అఫిడవిట్ అవసరమైంది. ఆమె చెప్పిన మాట: “పైసలు ఇచ్చినట్టు చేసి ఏలుముద్ర ఏయించుకున్నడు. నేను కుదువ పెట్టిన, అమ్మలే.” ఎవరో ఇంగ్లిష్‌లోకి మార్చి తెచ్చిన కాగితంలో ‘డబ్బు ఇచ్చి వేలిముద్ర వేయించుకున్నాడు, భూమి అమ్మాను’ అని ఉంది. ‘ఇచ్చినట్టు చేసి’ అన్న మాటలోనే మోసమంతా ఉంది, అది కాస్తా ఎగిరిపోయింది. కుదువ, అంటే తాకట్టు, అమ్మకమైపోయింది. ఆమె సంతకం పెట్టకముందే చూశాను కాబట్టి సరిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఒక్కో మాట అడిగి రాయించాం.

మీ కల్వకుర్తి వైపు పడకల్‌లో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు వకీలు. తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతం, ఇంగ్లిష్ అన్నీ వచ్చిన పండితులు, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఒక భాష ఎక్కువ వస్తే ఇంకోటి తగ్గుతుందని ఆయన్ని చూసి ఎవరనగలరు?

ఇక వీసా, ఖర్చు. హెచ్4 మీద చదువుకోవచ్చు, కానీ ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి, రాదు. హెచ్4 మీద పని చేసుకునే అనుమతి పత్రం (ఈఏడీ) రావాలంటే మామూలుగా మీ ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయి ఉండాలి. స్టూడెంట్ వీసా ఎఫ్1కు మారితే ఓపీటీ ఉంటుంది, అదీ ఒక్క ఏడాదే. లా మామూలుగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందికి రాదు కాబట్టి ఇంజనీరింగ్ వాళ్లలాగా పొడిగింపు లేదు. ఈ లెక్క చూసుకోకుండా అప్పు చేసి ఎల్‌ఎల్‌ఎమ్‌లో చేరితే, చదువయ్యాక పని చేసే వీల్లేక ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది.

బార్ రూల్స్ రాష్ట్రానికో తీరు. మనవాళ్లు ఎక్కువగా న్యూయార్క్ రాస్తారు. మన ఎల్‌ఎల్‌బీతో పరీక్షకు అర్హత ఉందా, ఎల్‌ఎల్‌ఎమ్ కూడా కావాలా అన్నది అక్కడి బోర్డ్ ఆఫ్ లా ఎగ్జామినర్స్ తేలుస్తుంది. కాలేజీకి డబ్బు కట్టకముందే ఆ పరిశీలనకు దరఖాస్తు పెట్టు. అర్హత కోసం చేసే ఎల్‌ఎల్‌ఎమ్‌లో కనీసం 24 క్రెడిట్లు ఉండాలి, అందులో కనీసం 2 లీగల్ రీసెర్చ్, రైటింగ్‌కే పోవాలి. మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచే నేరుగా బోర్డుకు చేరాలి. నావి కదలడానికి నాలుగు నెలలు పట్టింది, అదీ మా తమ్ముడు పనులు మానుకుని తిరిగితేనే. మీ వాళ్లకు ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

లీజు మీద తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసిన ఆ కాగితాలు నాకు పంపు. ఎర్రపెన్నుతో దిద్ది పంపిస్తా.