‘బడి’కి ‘గుడి’ తప్ప ఇంకేం లేదా?

ప్రశ్న: మాది పల్లెటూరి ప్రాథమిక పాఠశాల. మా ఐదో తరగతి పిల్లలు 2021 ఆగస్టులో, కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు ఒకటిలో చేరినవాళ్ళు. గోడపత్రిక కోసం ‘బడిలో నా మొదటి రోజు’ మీద వచన కవిత రాయమన్నాను. 28 మంది రాస్తే ఇంచుమించు అందరిదీ ‘బడి మాకు గుడి, అది అమ్మ ఒడి’. ప్రాస వద్దురా అంటే, ‘మరి కవిత ఎలా అవుతుంది టీచర్?’ అంటున్నారు. ఏం చెప్పాలో తెలియట్లేదు. ఎలా నేర్పమంటారు?
- ఒక ఉపాధ్యాయురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: టీచర్ గారూ, పిల్లల తప్పేం లేదు. ‘బడి’ అనగానే గుడి, ఒడి, తడి వరసలో వచ్చి నిలబడతాయి, వాటిని దాటి వెళ్ళడం మనకే కష్టం. ముందు ఆ ప్రాస సంగతి తేల్చేద్దాం. వాళ్ళకి నోటికొచ్చిన ‘ఉప్పు కప్పురంబు’ పద్యం బోర్డు మీద రాసి, పాదాల చివర ప్రాస ఎక్కడుందో వెతకమనండి. దొరకదు. మన పద్యాల్లో ప్రాస అంటే అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం కలవడం, ఈ పద్యం రాసిన ఆటవెలది ఛందస్సుకి ఆ నియమం కూడా లేదు, యతి (పాదం మొదటి అక్షరానికి సరిపడే అక్షరం మళ్ళీ పాదం మధ్యలో రావడం) ఉంటే చాలు. పిల్లలు ప్రాస అనుకుంటున్నది పాదాల చివర కలిసే అంత్యప్రాస, అది లేకుండానే వేమన ఇన్నాళ్ళూ నోళ్ళలో నిలిచాడు కదా. ఇక యతి కూడా అక్కర్లేదంటే అది కవితేనా అని పెద్దవాళ్ళే ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, కవి కుందుర్తి ఆంజనేయులు గారు ఫ్రీవర్స్ ఫ్రంట్ అని ఒక సంస్థ పెట్టి మరీ వచన కవితను మోశారు, కాబట్టి మీ పిల్లలు అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

అసలు విషయం మీ ఉత్తరంలోనే ఉంది. 2021లో చేరిన పిల్లలంటే మాస్కులతో బడికొచ్చిన పిల్లలు! మా మేనకోడలి కూతురు ఆ బ్యాచే. మొదటి రోజు ఏం జరిగిందే అని అడిగితే, ‘టీచర్ కళ్ళే కనబడ్డాయి తాతయ్యా, నవ్వుతోందో కోప్పడుతోందో తెలీలేదు, ఎందుకైనా మంచిదని ఏడ్చేశాను’ అంది. నేను కలిపింది ఒక్క ముక్క లేదు, విరిచి రాశానంతే:

టీచర్ కళ్ళే కనబడ్డాయి
నవ్వుతోందో
కోప్పడుతోందో
తెలీలేదు
ఎందుకైనా మంచిదని
ఏడ్చేశాను

మీరూ ఇలాగే చేయండి. మొదలుపెట్టిన రోజు పెన్ను పట్టనివ్వకండి, కింద కూర్చోబెట్టి మాట్లాడించండి. ‘ఎలా అనిపించింది’ అని మాత్రం అడగొద్దు, ‘చాలా ఆనందంగా అనిపించింది’ అనే జవాబు రెడీగా ఉంటుంది. చేతిలో ఏముంది, ఎవరు దింపారు, వాళ్ళు వెనక్కి తిరిగి చూశారా, పక్కన ఎవరు కూర్చున్నారు, మధ్యాహ్నం అన్నంలోకి ఏం పెట్టారు, ఇలాంటివి అడగండి. ఎవడో ఒకడు తప్పకుండా నవ్వొచ్చేదో కళ్ళు చెమర్చేదో ఒకటి అంటాడు. వెంటనే వాడన్నది అన్నట్టే బోర్డు మీద రాసేయండి. ‘ఎల్లిపోయేడు’ అంటే అలాగే ఉంచండి, పాఠంలో దిద్దడానికి బోలెడు టైముంది.

తర్వాత పంక్తులు. ఇది మాత్రం తీరిగ్గా చేయించండి, వచన కవితలో పనంతా ఇక్కడే ఉంది. రాసింది పైకి చదవమనండి, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టమనండి. ఆ తర్వాత మాటల చోటు మార్చి చూపండి. పై కవితలో ‘ఏడ్చేశాను’ని మొదటి పంక్తిలోకి తెచ్చి చదివితే అది ఉత్త ఫిర్యాదు, చివర ఒంటరిగా నిలబెడితే వినేవాడు ఒక్క క్షణం ఆగి నవ్వుతాడు. ఐదో తరగతి వాళ్ళకి ఈ తేడా చెవితోనే తెలుస్తుంది, మీరు వివరించక్కర్లేదు.

నమూనా కవిత మాత్రం ముందే చూపించకండి (పైనున్నది కూడా!), మర్నాడు 28 మంది కవితల్లోనూ టీచర్‌కి కళ్ళే మిగులుతాయి. ఏమీ గుర్తులేదనే పిల్లల్ని, బడిలో ఎవరైనా కొత్తగా చేరే రోజున, గేటు దగ్గర నిలబెట్టి ఆ కొత్తవాళ్ళని చూడమనండి. వాళ్ళ గురించి రాసినా మొదటి రోజు కవితే.

ప్రశ్న: మా బాబు ఇప్పుడే ఒకటిలో చేరాడు. బడి నుంచి వచ్చి ఏవేవో చెబుతాడు, వింటే కవితలాగే ఉంటుంది, కానీ వాడికింకా గుణింతాలే రావు. వాడి బదులు నేను రాయొచ్చా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రాయండి, కింద తేదీ వేయండి. ఫోన్లో రికార్డు చేసుకుని రాస్తే ఇంకా మంచిది, మన చెవి మనకు తెలియకుండానే దిద్దేస్తుంది. వాడు ‘బెల్లు’ అంటే మీరు ‘గంట’ అని మార్చకండి. రాశాక ఒకసారి చదివి వినిపించండి, ‘నేను అట్ల అనలే’ అంటే కొట్టేసి మళ్ళీ అడగండి.